మా అత్త ఒళ్ళు దాచుకోలేదు

మా మేనత్త ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేది. చేపల రేవును ఆనుకుని ఉండే పాత రేకుల షెడ్డు అది. లోపల పెద్ద ఉప్పునీటి తొట్టి, అందులో వరసలుగా మునిగి ఉండే డబ్బాలు, డబ్బాల్లో గడ్డకట్టే మంచినీళ్ళు. గడ్డకట్టిన దిమ్మలు బల్ల మీద జారుకుంటూ వస్తే, కొక్కెం కర్రతో వాటిని తిప్పి క్రషర్ నోట్లోకి తోయడం ఆమె పని. క్రషర్ వాటిని పొడిచేసి లావుపాటి గొట్టం గుండా పడవల్లోకి వదిలేది. రోజుకి రెండు వందల దిమ్మలు. ఆ పొడిలో పడవలకి చేరింది ఎంతో, మా అత్త నోట్లోకి పోయింది ఎంతో చెప్పడం కష్టమని అక్కడివాళ్ళు పరాచికాలాడేవారు.

మరీ అబద్ధమేమీ కాదు. ఆమె రబ్బరు ఏప్రన్ జేబులో ఎప్పుడూ ఒక స్టీలు గ్లాసు ఉండేది. గ్లాసు నిండా ఐసు ముక్కలు. మనం వేరుశనగ గింజలు నోట్లో వేసుకున్నట్టు ఆమె వాటిని వేసుకునేది. చప్పరించడం కాదు, నమలడమే. ఆ చప్పుడును బట్టి ఆమెకి కరకరక్క అని పేరు పెట్టారు. పడవలవాళ్ళకి కూడా ఆ పేరే తెలుసు. ఐసు ఫ్యాక్టరీలో ఐసు తినే మనిషి మీద ఎవరికి మాత్రం అనుమానం వస్తుంది? మిఠాయి కొట్టులో కూర్చున్నవాడు చేయి చాచి ఒక ముక్క నోట్లో వేసుకున్నట్టే అనుకున్నారు. మేమూ అలాగే అనుకున్నాం.

నేను ఆమె అన్నగారి కూతురిని. మా రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. అప్పటికి నాకు ఇరవై ఏడేళ్ళు, ఒక టైలరింగు షాపులో కటింగు చేసేదాన్ని. పొద్దున్నే నేను లేచేసరికి గోడ అవతల్నుంచి ఆ కరకర వినిపించేది. పళ్ళు తోముకోకముందే ఫ్రిజ్ తలుపు తీసేదన్నమాట.

మా నాన్నకి చెల్లెలంటే ప్రేమ లేక కాదు గాని, ఆయన లెక్కలో ఆమె ఒళ్ళు దాచుకునే మనిషి. డాబా మీద బట్టలు ఆరేయడానికి పన్నెండు మెట్లెక్కాలి. మా అత్త ఆరో మెట్టు దగ్గర చతికిలబడేది. ఆ మెట్టు మీద మడిచిన గోనెసంచి ఒకటి ఎప్పుడూ ఉండేది, అది ఆమె సీటు. బకెట్టు పక్కన పెట్టుకుని, గోడకి తల ఆనించి, ఆపసోపాలు పడుతూ అయిదు నిమిషాలు కూర్చునేది. మా నాన్న కింద నుంచి చూస్తూ అనేవాడు.

"నలభై రెండేళ్ళకే ఇలా ఉంటే అరవైకి నిన్ను ఎత్తుకుని తిప్పాలా ఏంటి?"

"తిప్పుదువుగానిలే అన్నయ్యా. చెల్లెల్ని ఎత్తుకోవడం నీకేమన్నా కొత్తా?"

ఆ జవాబుకి అందరం నవ్వేవాళ్ళం. కాని నవ్వు అయిపోయాక ఆమె ముఖం ఎలా ఉండేదో గమనించే ఓపిక ఎవరికీ ఉండేది కాదు, మా మామయ్యకి తప్ప.

మామయ్య పడవలకి రంగులు వేసేవాడు. మాట తక్కువ. ఆమె లేచేలోపే నీళ్ళు పట్టేవాడు, పక్కలు మడతపెట్టేవాడు, రాత్రి గిన్నెలు తోమేసేవాడు. ఎవరైనా ఏంటి నువ్వు చేస్తున్నావని అడిగితే, "ఊరికే కూర్చుంటే నాకు తోచదు" అనేవాడు. పద్నాలుగేళ్ళు ఆయనకి తోచకుండానే గడిచింది.

ఒకసారి నేను బ్లౌజు కొలతలు తీసుకుంటుంటే అత్త నాతో అంది. "నేను నిజంగానే బద్ధకస్తురాలినేమోనే. లేవాలనే అనుకుంటాను. లేచే మనిషి లోపల ఉండదు."

ఏదో ఓదార్పు మాట అని టేపు మడిచేశాను. ఆ మాట అప్పుడే పట్టించుకుని ఉండవలసింది.

ఫ్యాక్టరీలో ఆమెకి ఒక కోరిక ఉండేది. క్రషర్ వెనక గదిలో కంప్రెసర్ ఉండేది, ఫ్యాక్టరీ అంతటినీ చల్లబరిచే పెద్ద మిషను. దాని చప్పుడు వింటే చాలు, లోపల ఏం జరుగుతోందో ఆమెకి తెలిసిపోయేది. "మేస్త్రీగారూ, మిషను గొంతు మారింది, చూడండి" అని క్రషర్ దగ్గర్నుంచే కేకేసేది. పెద్ద మేస్త్రీ వెళ్ళి చూస్తే ఏదో ఒక బోల్టు వదులై ఉండేది. ఒకప్పుడు సహాయక ఆపరేటర్ ఉద్యోగం ఖాళీ పడితే, తనకి ఇమ్మని ఆమె ధైర్యం చేసి అడిగింది. మేస్త్రీ కాదనలేదు. కప్పు మీద వేడి గ్యాసుని చల్లార్చే గొట్టాలుంటాయి, కండెన్సర్ అంటారు, అక్కడి దాకా ఎక్కి దిగి రమ్మన్నాడు. గోడకి నిలువుగా బిగించిన ఇనప నిచ్చెన, ముప్పై ఒక్క మెట్లు. ఆమె పదకొండు ఎక్కింది. కళ్ళు బైర్లు కమ్మాయి. నిచ్చెనని కావలించుకుని కాసేపు నిలబడి, మెల్లగా దిగొచ్చింది.

"అక్కా, నీ తెలివికి దణ్ణం పెడతాను," అన్నాడు మేస్త్రీ. "కాని ఈ పనికి తెలివి ఒక్కటే చాలదు, కాళ్ళు కూడా కావాలి. షిఫ్టుకి రెండుసార్లు పైకెక్కాలి."

ఆమె క్రషర్ దగ్గరికి వెళ్ళి గ్లాసు నింపుకుంది.

అది జరిగిన రెండేళ్ళకి, ఒక సోమవారం మధ్యాహ్నం, ఆమె ఐసు నములుతూ ఉంటే నోట్లో ఏదో గట్టిగా తగిలింది. తీసి అరచేతిలో పెట్టుకుంది. తెల్లగానే ఉంది, ఐసు ముక్కే అనుకుంది. ఎంతసేపటికీ అది కరగలేదు. అప్పుడు నాలికతో తడుముకుంటే దవడ పన్ను సగం లేదు.

సాయంత్రం నేనే తీసుకెళ్ళాను పళ్ళ డాక్టరు దగ్గరికి. మందుల షాపు పైన చిన్న గది. డాక్టరమ్మ నాకంటే ఒకటి రెండేళ్ళు పెద్దదై ఉంటుంది. మా అత్త మెట్ల మధ్యలో కూర్చుని లేచి వచ్చేసరికి ఆవిడ తలుపు దగ్గరే నిలబడి చూస్తోంది.

కుర్చీలో కూర్చోబెట్టి దీపం వేసి అడిగింది. "ఏం కొరికారు?"

"ఐసు."

"ఎప్పుడు?"

"ఎప్పుడూనే."

డాక్టరమ్మ చేతిలోని అద్దం పక్కన పెట్టేసింది. నాలిక చాపమంది. నాలిక నున్నగా, పాలిపోయి ఉంది. కింది కనురెప్ప లాగి చూసింది. పెదవి చివర్ల పగుళ్ళు చూసింది. తర్వాత మా అత్త బొటనవేలు పట్టుకుని, గోటి మీద ఒక నీటిచుక్క వేసింది. మామూలుగా అయితే చుక్క జారిపోవాలి. అది జారలేదు. గోరు మధ్యలో చిన్న గుంట ఉంది, అందులో నిలబడిపోయింది. ఎన్నేళ్ళుగానో నా కళ్ళముందున్న చేయి అది, ఆ గుంటని నేనెప్పుడూ చూడలేదు.

"మెట్లెక్కితే ఆయాసం. సాయంత్రానికి కాళ్ళు లాగుతాయి, పడుకుంటే కుదురుగా ఉండవు. జుట్టు ఊడుతోంది. ఊరికే కోపం వస్తోంది. అవునా?"

మా అత్త నా వంక చూసింది, నేను చెప్పానేమోనని. నేను చెప్పలేదు.

"నెలసరి ఎన్ని రోజులు ఉంటుంది?"

"తొమ్మిది. ఒక్కోసారి పది. మా ఇంట్లో ఆడవాళ్ళందరికీ అంతేనమ్మా."

"మీ ఇంట్లో అందరికీ అంతే అయితే, అందరూ చూపించుకోవాలి," అంటూ ఆవిడ నా మీదికి చూపు తిప్పింది. "పన్ను సంగతి తర్వాత. ఇవాళ నొప్పి లేకుండా మూసి పంపిస్తాను. రేపు పొద్దున్నే రక్తం పరీక్ష చేయించండి. ఐసు మానమని నేను చెప్పను. మీరు మానలేరు. అది మీ అలవాటు కాదు, మీ ఒంట్లో ఇనుము లేక పుడుతున్న ఆకలి."

మర్నాడు లాబ్ అతను మొదటిసారి పరీక్ష చేసి, మిషను చెడిపోయిందేమోనని మళ్ళీ రక్తం తీశాడు. రెండోసారీ అదే అంకె వచ్చింది. అప్పుడు బయటికొచ్చి నన్ను అడిగాడు. "పేషెంటుని ఎలా తీసుకొచ్చారు, మంచం మీదా?"

"లేదండీ. ఆవిడ షిఫ్టుకి వెళ్తూ దారిలో ఆగింది."

ఆ కాగితం నేను మా నాన్నకిచ్చాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. హిమోగ్లోబిన్, పన్నెండు ఉండాలి. ఉన్నది అయిదు పాయింటు నాలుగు. కింద ఇంకో వరస, ఒంట్లో ఇనుము నిల్వ. అక్కడ దాదాపు ఏమీ లేదు.

"అంటే సగం కూడా లేదా?"

"లేదు నాన్నా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏళ్ళ నుంచీ అయ్యుంటుందంట."

ఆయన కాగితం మడిచాడు, మళ్ళీ విప్పాడు. "ఈ సగంతోనా అది రోజుకి రెండు వందల దిమ్మలు తోస్తోంది," అన్నాడు. నాతో కాదు. ఆ తర్వాత అరుగు మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. ఇన్నేళ్ళూ ఆయన ఒళ్ళు దాచుకుంటుందన్న మనిషి అసలు ఒంట్లో లేని బలంతో బండి లాక్కొచ్చిందని ఆయనకి ఆ అరుగు మీదే అర్థమైంది.

పెద్దాసుపత్రి డాక్టరు తక్కువ మాట్లాడే మనిషి. కాని మా అత్త అడిగితే వదిలే రకం కాదు.

"నేను బాగానే తింటున్నాను కదండీ. ఇనుము ఎక్కడికి పోయింది?"

"నెలనెలా పోతోంది. వచ్చేదానికన్నా పోయేది ఎక్కువ. రక్తంలో గాలిని మోసేది ఇనుమే. నువ్వు ఊపిరి పీలుస్తున్నావు, గాలి లోపలికి వస్తోంది. దాన్ని కాళ్ళకీ, చేతులకీ, తలకీ చేరవేసే నాథుడు లేడు. గుండె రెండింతలు కొట్టుకుని ఎలాగో నెట్టుకొస్తోంది."

"మరి ఐసెందుకు?"

"ఎందుకో ఎవరికీ సరిగ్గా తెలీదు. కొందరు సుద్దముక్కలు తింటారు, కొందరు మట్టి, కొందరు పచ్చిబియ్యం. నీకు ఐసు అందుబాటులో ఉంది. ఇనుము ఎక్కితే ఆ కోరిక పోతుంది, అది మాత్రం నాకు తెలుసు."

గతంలో ఎప్పుడైనా బిళ్ళలు వాడావా అని అడిగాడు. వాడింది, మూడుసార్లు. ప్రతిసారీ పొద్దున్నే టీతో పాటు మింగింది. కడుపులో తిప్పి, మలం నల్లగా వస్తే భయపడి మానేసింది. డాక్టరు కలం పక్కన పెట్టాడు. "నల్లగా రావడం మామూలే. టీతో మింగితే మాత్రం ఇనుము ఒంటికి పట్టదు, దాదాపు వచ్చిన దారినే పోతుంది. నువ్వు తిన్న బిళ్ళలన్నీ డ్రైనేజీకే బలం." మా అత్త నవ్వింది. ఆయన నవ్వలేదు.

ఇప్పుడు బిళ్ళలతో ఆలస్యమవుతుందని సెలైన్‌లో కలిపి నరంలోకి ఎక్కిస్తామన్నాడు. రోజు విడిచి రోజు, అయిదుసార్లు. గర్భాశయంలో నిమ్మకాయంత గడ్డ ఉందనీ, రక్తం పోవడానికి అదే కారణమనీ స్కానింగులో తేలింది. రక్తం పెరిగాక దాన్ని తీసేస్తామన్నాడు. అప్పటిదాకా స్రావం తగ్గడానికి వేరే మందు ఇచ్చాడు.

ఆ ఇనుము మందు చిక్కటి డికాక్షన్ రంగులో ఉంది. మొదటిసారి ఎక్కేటప్పుడు నర్సు పక్కనే నిలబడి, ఒళ్ళు దురదగా ఉందా, ఊపిరి ఆడుతోందా అని గుచ్చిగుచ్చి అడిగింది. ఏమీ కాలేదు. "తుప్పు పట్టిన తాళంచెవి నోట్లో పెట్టుకున్నట్టుంది, అంతే," అంది మా అత్త.

అయిదుసార్లూ మా నాన్నే వెంట వెళ్ళాడు. మామయ్య వస్తానంటే, "నువ్వు పద్నాలుగేళ్ళు చేశావు బావా, ఈ అయిదు రోజులు నాకు వదిలెయ్" అన్నాడట. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని బత్తాయిలు ఒలిచి పెట్టేవాడు. రెండో రోజున చుక్కలు పడుతున్న సీసా వంక చూస్తూ అడిగాడు.

"చిన్నప్పుడు కూడా నీకు ఇలాగే ఉండేదా? నేనే గమనించలేదా?"

"చిన్నప్పుడు నీకంటే ముందు నేనే గోడెక్కేదాన్ని. మర్చిపోయావు."

"మర్చిపోయాను," అన్నాడు మా నాన్న. ఆయన నోటి నుంచి క్షమాపణ అంటూ వచ్చింది అంతే. ఆమెకి అంతే చాలింది. ఒలిచిన బత్తాయి తొనల్లో సగం ఆయన చేతిలోనే పెట్టింది.

ఎనిమిదో రోజు, నాలుగు సీసాలు ఎక్కాక, ఆమె మామూలుగా పనికి వెళ్ళింది. పదకొండు గంటల వేళ పడవ దగ్గర గొట్టం పట్టుకున్న అతను అరిచాడు. "అక్కా, ఇవాళ క్రషర్ చప్పుడు నాకు వినిపిస్తోందేంటి?" అందరూ నవ్వారు. మా అత్త జేబులో చేయి పెట్టి గ్లాసు తీసింది. గ్లాసు పొడిగా ఉంది. పొద్దుట్నుంచి నింపనేలేదు. నింపలేదన్న సంగతి కూడా తట్టలేదు. బల్ల మీద నుంచి ఒక ముక్క తీసి నోట్లో వేసుకుంది. చల్లగా ఉంది, అంతే. ఇంకేమీ లేదు. పన్నెండేళ్ళుగా తనని పట్టి లాగిన తాడు ఏదో దానంతటదే తెగిపోయినట్టు అనిపించిందట. ముక్క ఉమ్మేసి, కొక్కెం కర్ర గోడకి ఆనించి, క్రషర్ ఆపి, ఏడ్చింది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. "ఏమైందక్కా?" అంటే, "ఐసు బాగాలేదు" అంది. ఫ్యాక్టరీలో ఐసు చెడిపోయిందేమోనని మేస్త్రీ పరిగెత్తుకొచ్చాడు.

ఇంటికొచ్చాక గోడ మీద తట్టి నన్ను పిలిచింది. "ఇదిగో విను," అంది. నేను చెవి పెట్టాను. ఏమీ వినిపించలేదు. "అదేనే వినమన్నది," అంది.

అక్కడ్నుంచి ఆమె మనిషే మారిపోయింది అంటే తప్పు. ఆమె మళ్ళీ పాత మనిషయింది. ఆరు వారాలకి రక్తం తొమ్మిది పాయింటు ఎనిమిదికి చేరింది. ఒకరోజు బకెట్టుతో డాబా మీదికి పోయి, బట్టలు ఆరేసి, కిందికి దిగాక గుర్తొచ్చింది తను మధ్యలో కూర్చోలేదని. ఆ గోనెసంచిని మామయ్య కుంచెలు తుడుచుకోవడానికి తీసుకుపోయాడు. ఇంకోరోజు గోడ అవతల్నుంచి గొడవ వినిపించి నేను కంగారుగా వెళ్ళాను. గిన్నెలు నువ్వెందుకు తోముతున్నావని ఆమె, నేను తోమితే నీకేంటని ఆయన. పెళ్ళయ్యాక వాళ్ళిద్దరూ పోట్లాడుకోవడం నేను చూడటం అదే మొదలు. మామయ్య చేతినిండా సబ్బునురగతో చెవుల దాకా నవ్వుతున్నాడు.

నాలుగో నెలలో ఆపరేషను చేసి గడ్డ తీసేశారు. బిళ్ళలు మాత్రం ఇంకొన్నాళ్ళు వాడాలన్నారు, పరగడుపున, నిమ్మరసం నీళ్ళతో, టీకి దూరంగా. తనకి అంత మంచి జరిగింది కాబట్టి ఆ బిళ్ళలు మామయ్యకి కూడా వేయడం మొదలుపెట్టింది. డాక్టరుకి ఆ సంగతి గొప్పగా చెప్పుకుంటే ఆయన గడ్డి పెట్టాడు. "లేనివాళ్ళకి ఇనుము ప్రాణం పోస్తుంది. ఉన్నవాళ్ళకి ఎక్కువైతే కాలేయంలో, గుండెలో పేరుకుని అదే జబ్బవుతుంది. రక్తం చూడకుండా ఎవరికీ ఒక్క బిళ్ళ కూడా పెట్టకు. ఇంట్లో పసిపిల్లలకి అందేచోట అసలే పెట్టకు." ఆ మాట ఆమె బుర్రలో నాటుకుంది. ముఖ్యంగా మొదటి ముక్క, రక్తం చూడకుండా అన్నది.

ఇంతలో సహాయక ఆపరేటర్ ఉద్యోగం మళ్ళీ ఖాళీ పడితే ఆమె మేస్త్రీ దగ్గరికి వెళ్ళింది. "నిచ్చెన ఎక్కి చూపిస్తాను," అంది. మేస్త్రీ కింద నిలబడి పైకే లెక్కపెట్టాడు. పదకొండు దగ్గర ఆయన గొంతు కొంచెం తగ్గింది. ఆమె ఆగలేదు. ముప్పై ఒకటి అయ్యాక కప్పు మీద ఆమె తల కూడా కనిపించలేదు.

"దిగమ్మా ఇంక," అన్నాడు.

"ఉండండి. పన్నెండేళ్ళుగా ఇక్కడ పనిచేస్తూ రేవుని ఇంతెత్తు నుంచి చూడటం ఇదే," అంది పైనుంచి.

అయిదు నెలలు ఆయన దగ్గర పని నేర్చుకుంది. పరీక్ష పెట్టడానికి వచ్చిన ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పింది, రెండింటికి ఆయన అడగకముందే చెప్పింది. సహాయక ఆపరేటర్ అని రాసిన కార్డు మెడలో వేసుకుని ఇంటికొచ్చినప్పుడు మా నాన్న దాన్ని పట్టుకుని రెండువైపులా చదివాడు, వెనకవైపు ఏమీ లేకపోయినా.

కంప్రెసర్ గది కిటికీలోంచి చూస్తే రొయ్యలు వలిచే షెడ్డు కనిపిస్తుంది. ముప్పై ఎనిమిది మంది ఆడవాళ్ళు, మోచేతుల దాకా ఐసులో. కొత్త ఉద్యోగంలో చేరిన వారానికే మా అత్త ఒకటి గమనించింది. వాళ్ళలో చాలామంది మధ్యమధ్య ఒక ముక్క నోట్లో వేసుకుంటున్నారు. ఇదివరకు ఆమె కూడా వాళ్ళతో కలిసి వేసుకున్నదే కాబట్టి ఎప్పుడూ వింతగా అనిపించలేదు. ఇప్పుడు ఆ చప్పుడు చెవిలో ముల్లులా గుచ్చుకుంది.

మేస్త్రీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. భోజనాల వేళ గంటసేపు షెడ్డులో రక్తపరీక్ష పెట్టిద్దామని. "ఐసు తింటే రక్తం చూడాలా? రేపు మంచినీళ్ళు తాగితే ఆపరేషను చేయిస్తావా?" అని ఆయన వెక్కిరించాడు. కాని ఒప్పుకున్నాడు. ఆస్పత్రి నుంచి ఒక నర్సు చిన్న మిషను పట్టుకుని వచ్చింది. వేలి మీద ఒక పోటు, ఒక చుక్క, ఒక అంకె. ముప్పై ఎనిమిది మందిలో ఇరవై మూడు మందికి తక్కువే ఉంది. ఆరుగురికి మరీ తక్కువ. అంకె చెప్పిన ప్రతిసారీ మా అత్త ఆ మనిషి పక్కన నిలబడి ఒకే మాట అనేది. "నీకు బద్ధకం కాదమ్మా. నీకు ఇనుము లేదు." ఒకావిడ ఆ మాట రెండోసారి చెప్పించుకుని, మా ఆయన ముందు కూడా ఇలాగే చెప్పు అంది. మా అత్త వెళ్ళి చెప్పింది.

నర్సు సర్దుకుంటుంటే మేస్త్రీ నవ్వుతూ వేలు చాపాడు. "నాది కూడా చూడమ్మా. నా రక్తంతో ఈ షెడ్డులో నలుగురికి సరిపెట్టొచ్చు."

అంకె ఏడు పాయింటు తొమ్మిది.

షెడ్డులో ఆడవాళ్ళు నవ్వబోయి ఆగారు. మా అత్త నవ్వలేదు. ఆ సాయంత్రమే ఆయన్ని వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. "నాకు బిళ్ళలిస్తే చాలండీ" అన్నాడు మేస్త్రీ.

"చాలదు," అన్నాడు డాక్టరు. "ఆడవాళ్ళకైతే నెలనెలా పోతుంది. యాభై ఏడేళ్ళ మగాడివి, నీకెక్కడ పోతోంది? అది తెలియకుండా ఇనుము పోయడం చిల్లు చూడకుండా తొట్టి నింపడమే."

మేస్త్రీకి మోకాళ్ళ నొప్పులు. మూడేళ్ళుగా రోజుకి రెండు నొప్పి బిళ్ళలు, ఒక్కోసారి ఖాళీ కడుపున, తనంతట తనే కొనుక్కుని మింగుతున్నాడు. గొట్టం వేసి చూస్తే కడుపులో పుండు, దాన్నుంచి చుక్కచుక్కగా రక్తం. ఇంకొన్నాళ్ళు ఆగితే ఒక్కసారిగా పగిలి ఉండేదన్నారు. నొప్పి బిళ్ళలు మాన్పించి, పుండుకి మందు మొదలుపెట్టి, నెలరోజులు ఇంట్లో కదలకుండా ఉండమన్నారు. "మిషను?" అన్నాడు మేస్త్రీ. డాక్టరు మా అత్త మెడలోని కార్డు వంక చూపించాడు.

ఆ నెలలోనే వచ్చింది అసలు రోజు. నాలుగు రోజులుగా సముద్రం అల్లకల్లోలంగా ఉండి పడవలన్నీ రేవులోనే ఉండిపోయాయి. అయిదో రోజు తెల్లవారేసరికి గాలి పడిపోయింది. నలభై రెండు పడవలు ఒకేసారి బయల్దేరడానికి సిద్ధమయ్యాయి. అందరికీ ఐసు కావాలి. నేను ఆ రోజు ఆమెకి టిఫిను డబ్బా ఇవ్వడానికి వెళ్ళాను కాబట్టి కళ్ళారా చూశాను.

ఏడున్నరకి కంప్రెసర్ మీద ఒత్తిడి చూపించే గేజీ ముల్లు మెల్లగా ఎర్రగీత వైపు జరగడం మొదలుపెట్టింది. గీత దాటితే మిషను దానంతటదే ఆగిపోతుంది. తొట్టిలో మూడు వందల డబ్బాలు సగం గడ్డకట్టి ఉన్నాయి. అవి గట్టిపడితేనే మధ్యాహ్నం వెళ్ళే పడవలకి ఐసు. పంపు చూసే అతను, మేస్త్రీగారికి ఫోను చేద్దామన్నాడు. "ఆయన్ని పడుకోనీ," అంది మా అత్త. ఒక నిమిషం కళ్ళు మూసుకుని మిషను చప్పుడు విన్నది. "మిషనులో ఏం లేదు. పైన నీళ్ళు పడటం లేదు." మిషను ఆపించి, తీగె బ్రష్షు నడుముకి దోపుకుని నిచ్చెన ఎక్కింది.

వేడెక్కిన గ్యాసు ఆ కప్పు మీది గొట్టాల్లో చల్లబడాలి. గొట్టాల మీద నీళ్ళు జల్లులా పడుతూ ఉండాలి. నాలుగు రోజుల తుఫాను గాలికి కొట్టుకొచ్చిన పాచీ, ఇసకా, పక్షి ఈకలూ ఆ జల్లు కన్నాలని మూసేశాయి. మొదటి వరస శుభ్రం చేసి దిగింది. మిషను వేయించి గేజీ చూసింది. ముల్లు కొంచెం తగ్గి నిలబడింది. మళ్ళీ ఆపి ఎక్కింది. రెండో వరస. దిగింది. మూడోసారి ఎక్కింది. రేవులో పడవలవాళ్ళు అప్పటికి పని ఆపి కప్పు వంకే చూస్తున్నారు. ఒకాయన గొట్టం పట్టుకున్న అతన్ని అడిగాడు, పైన ఎవరని. "కరకరక్క," అన్నాడతను. "ఆవిడ రెండు మెట్లెక్కితే కూర్చునేది కదా?" "అది పాత సంగతి."

నాలుగోసారి నీళ్ళ తొట్టిలోని జాలీ తీసి, అందులో ఇరుక్కున్న చింకి వలముక్క చేత్తో లాగి కిందికి విసిరింది. వెంటనే కప్పు అంచు నుంచి సన్నటి తుంపర గాలికి ఎగిరొచ్చి మా ముఖాల మీద పడింది. ఆమె దిగి వచ్చి మిషను వేసింది. ముల్లు ఎర్రగీతకి దూరంగా, ఎక్కడ ఉండాలో అక్కడికి వచ్చి నిలిచింది. నాలుగుసార్లకి కలిపి నూట ఇరవై నాలుగు మెట్లు ఎక్కింది, అన్నీ దిగింది. ముఖం ఎర్రగా ఉంది. ఎరుపు అనే రంగు ఆమె ముఖం మీద నేను అంతకుముందు చూసిన గుర్తు లేదు.

మధ్యాహ్నం రెండింటికి డబ్బాలు పైకి తీశారు. దిమ్మలు గాజులా, ఎక్కడా తెల్లచార లేకుండా వచ్చాయి. క్రషర్ దగ్గర ఇప్పుడు పనిచేసేది రొయ్యల షెడ్డు నుంచి వచ్చిన ఆవిడ, రక్తం మరీ తక్కువని తేలి, ఇనుము ఎక్కించుకుని కోలుకుంటున్న ఆ ఆరుగురిలో ఒకతె. నాలుగు గంటలయ్యేసరికి నలభై రెండో పడవ కూడా నిండి, తాడు విప్పుకుని, హారన్ కొట్టి బయల్దేరింది. పడవ మీద నిలబడ్డవాళ్ళు కంప్రెసర్ గది కిటికీ వైపు చేతులూపారు.

మా అత్త చేయి ఊపింది. డబ్బాలో చల్లారిపోయిన టిఫిను నిలబడే తినేసింది, ఇంకేమైనా ఉందా అని అడిగింది. తర్వాత కిటికీలోంచి తల బయటికి పెట్టి, మర్నాటి డబ్బాల్లో నీళ్ళు పట్టడం మొదలుపెట్టండని కేకేసింది.